చూరు పక్కన పూలపొద

గత సంచికలో ఈ శీర్షిక కింద పెరటిలో పనిముట్ల గది కట్టుకొను విధానాన్ని వివరించాము. ఆ పిమ్మట పాఠకుల నుండి వచ్చిన లేఖలలో అధికభాగం గదిని గురించి కాక, గది పక్కనున్న ఖాళీ జాగాను గురించి కావడం మాకు కొంత ఆశ్చర్యాన్ని, మరికొంత ఆనందాన్ని కలిగించింది. ఒక సోదరి ఇలా వ్రాశారు: "మీరు చెప్పినట్లే మావారు రేకుల గది వేయించారు. కానీ అది పెరట్లో దిష్టిబొమ్మలా నిలబడి ఉన్నది. ఏడాది పొడవునా పచ్చగా ఉండి, పూలు కూడా పూసే పొదలు ఏవైనా దాని పక్కన నాటుదామని ఉన్నది. ఏవి మంచివో చెప్పగలరా?"

ప్రశ్న చిన్నదే. సమాధానం కూడా నాలుగు మొక్కల పేర్లతో ముగించవచ్చు. అయితే ఇదే ప్రశ్నకు మేము తొందరపడి ఒక తప్పు సమాధానం చెప్పుకొని, దానికి తగిన మూల్యం చెల్లించబోయి తృటిలో తప్పించుకున్నాము. ఆ సంగతి ముందుగా మనవి చేసుకొనకుండా మొక్కల పేర్లు చెప్పడం న్యాయం కాదు.

మా పెరడు

మేము నివసించే గరాచర్మ దక్షిణ అండమాన్‌లో, 2024 సెప్టెంబరు నుండి శ్రీ విజయపురంగా వ్యవహరింపబడుతున్న పోర్ట్ బ్లెయిర్‌కు ఆనుకొని ఉన్న ఊరు. 1978లో ఏర్పడి, నేడు కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధనా సంస్థ పేరుతో పనిచేస్తున్న సంస్థ ఉన్నది ఇక్కడే. చుట్టూ పోక తోటలు, కొబ్బరి తోటలు. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుండి తరతరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నందున, బజారుకు వెళితే మన మాట వినబడుతుంది. మా క్వార్టరు వెనుక వాలుగా ఉన్న కొద్దిపాటి స్థలం, అందులో 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు గల రేకుల గది. పలుగు, పార, నీళ్ల గొట్టం, ఎరువు బస్తా అందులో ఉంటాయి. గది ముందున్న సిమెంటు అరుగు మీద సాయంత్రం పూట కాలనీ పిల్లలు చేరి ఆడుకుంటారు.

గది కట్టిన కొత్తలో మేము దాని పక్కన నాలుగు పచ్చగన్నేరు మొక్కలు నాటాము. అందుకు మా వద్ద కారణాలు లేకపోలేదు. అది త్వరగా ఎదుగుతుంది. ఎండాకాలంలో నీరు అడగదు. ఏడాది పొడవునా ఆకు పచ్చగానే ఉంటుంది, పసుపుపచ్చని పూలు శివపూజకు పనికివస్తాయి. అన్నిటినీ మించి, ఈ దీవులలో ప్రతి తోటమాలినీ ఏడిపించే ఆఫ్రికా పెద్ద నత్త దానిని ముట్టదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఈ దీవులకు చేరిందని చెప్పే ఆ నత్త ఒక్క వానరాత్రిలో లేత మొక్కను మోడు చేయగలదు. అటువంటి నత్త కూడా దరిచేరని మొక్క దొరికినదని మేము సంబరపడ్డాము. ఏ ప్రాణీ ముట్టని మొక్కను చూసినప్పుడు, ఎందుకు ముట్టడం లేదని అడగవలసినది. ఇంజనీరులమై ఉండి కూడా మేము ఆ ప్రశ్న వేసుకొనలేదు.

మూడవ ఏట ఒక సాయంత్రం పక్క క్వార్టరులోని నాలుగేళ్ల పాప మా అరుగు మీద అంగడి ఆట ఆడుకుంటున్నది. బాదం ఆకు తక్కెడ. అందులో సరుకు పచ్చగన్నేరు కాయలు. వాటిలో ఒక కాయ మీద పళ్ల గాట్లు ఉన్నాయి. పాప తల్లి దానిని చేతిలో పట్టుకొని పరుగున వచ్చి, "బాబాయిగారూ, ఇదేం కాయండీ? తినేదేనా?" అని అడిగింది. ఆ కాయ ఏమిటో మాకు తెలుసు. తెలిసినందువల్లనే ఒక క్షణం నోట మాట రాలేదు.

పచ్చగన్నేరులో వేరు మొదలు పువ్వు వరకు ప్రతి భాగమూ విషమే. గింజలోని పప్పు మరింత ప్రమాదకరం. ఆ విషం గుండె కొట్టుకొనే లయను చెడగొడుతుంది. పాపను వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లాము. ఆ రాత్రంతా వైద్యులు ఈసీజీ తీస్తూ కనిపెట్టి చూశారు. చేదుకు కాబోలు, పాప కాయను కొరికి ఉమ్మివేసింది. తెల్లవారిన తరువాత ఏ ప్రమాదమూ లేదని ఇంటికి పంపారు. పాప తండ్రి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

ఆనాడే నాలుగు చెట్లనూ వేళ్లతో సహా తవ్వి తీశాము. చేతులకు తొడుగులు వేసుకొని, కొమ్మలను కాల్చకుండా లోతైన గోతిలో పూడ్చాము. గన్నేరు కట్టెను కాల్చరాదు, దాని పొగ కూడా హానికరం. గది పక్కన జాగా మళ్లీ బోసిపోయింది. అక్కడ ఏమి నాటాలన్న ప్రశ్నకు ఈసారి నింపాదిగా సమాధానం వెదికాము.

మొక్కకు నేమ్‌ప్లేటు

మన సంస్థలో ఏ మోటారునైనా, ఏ పంపునైనా బిగించే ముందు దాని నేమ్‌ప్లేటు చదువుతాము. ఎంత శక్తి, ఎంత వేగం, ఎంత వేడికి తట్టుకుంటుంది అన్నది చూడకుండా పునాది కూడా వేయము. నర్సరీలో మొక్కకు అటువంటి రేకు ఉండదు. అక్కడ మనకు కనబడేది సంచిలో ఒక అడుగు ఎత్తున్న లేత మొక్క, దాని మీద రెండు పువ్వులు మాత్రమే. కనుక నేమ్‌ప్లేటును మనమే వ్రాసుకోవాలి. అందులో ఆరు అంశాలుంటే చాలు: పూర్తిగా ఎదిగినప్పటి ఎత్తు, వ్యాప్తి, కావలసిన ఎండ, తట్టుకొనగల నీరు, ఏటా పెట్టవలసిన చాకిరి, కలిగించగల హాని. చివరి అంశాన్ని మేము మొదటిసారి వదలివేశాము. ఇప్పుడు దానినే మొదట వ్రాస్తున్నాము.

"ఏడాది పొడవునా పచ్చన" అన్న మాటను కూడా సరిగా అర్థం చేసుకోవాలి. సతతహరితం అంటే ఆకు రాల్చనిదని కాదు. ఒక్కసారిగా రాల్చి మోడుగా నిలువనిదని మాత్రమే. అండమాన్ రాష్ట్ర వృక్షమైన పడాక్ మహావృక్షమే వేసవిలో ఆకు రాల్చుతుంది. మన పెరళ్లలోని దేవగన్నేరు, పారిజాతం కూడా పొడి నెలలలో ఆకును వదలుతాయి. అవి అందమైన చెట్లే. అయితే చూరు గొట్టంలో ఆకు నిండకూడదన్నా, గది గోడ ఏడాది అంతా మరుగున ఉండాలన్నా అవి ఆ చోటుకు తగవు.

చూరు నీటి లెక్క

గది పక్కన నాటిన మొక్కకు, ఆరుబయట నాటిన మొక్కకు ఉన్న ప్రధానమైన తేడా చూరు. మా గదికి నాలుగు వైపులా అడుగు చొప్పున చూరు ఉన్నది. కనుక పైకప్పు విస్తీర్ణం 10 అడుగులకు 12 అడుగులు, అనగా 120 చదరపు అడుగులు, సుమారు 11 చదరపు మీటర్లు. ఇక్కడ సాలీనా వర్షపాతం దాదాపు 3000 మిల్లీమీటర్లు. గుణిస్తే ఏడాదికి 33 వేల లీటర్లు. రెండు వాలుల కప్పు కనుక ఒక్కొక్క వైపు 12 అడుగుల పొడవున్న సన్నని గీత మీద 16,500 లీటర్ల నీరు ధారగా పడుతుంది. ఆ గీత మీద నాటిన మొక్కకు వేరు కుళ్లక ఏమవుతుంది? ఆ ధార చిమ్మిన ఎర్రమట్టి గోడంతా పూత పూసినట్లు అంటుతుంది.

కనుక చూరు కింద మొక్క కాదు, కాలువ ఉండాలి. చూరు ధార పడేచోట 9 అంగుళాల వెడల్పున మట్టి తీసి, కంకర నింపి, నూరుకు ఒకటి చొప్పున వాలు ఇవ్వాలి. 12 అడుగుల పొడవుకు వాలు అంగుళమున్నర సరిపోతుంది. చూరుకు గొట్టం బిగించుకోగలిగితే మరీ మంచిది. అందువల్ల కలిగే లాభం దిగువన చెబుతాము.

గోడకు ఎంత దూరం?

దీనికి మేము పాటించే సూత్రం సులభమైనది: మొక్క పూర్తి వ్యాప్తిలో సగానికి రెండడుగులు కలపాలి. 5 అడుగుల వ్యాప్తి గల పొదను గోడకు నాలుగున్నర అడుగుల దూరంలో, 6 అడుగుల వ్యాప్తి గల దానిని 5 అడుగుల దూరంలో నాటాలి. మొదటి రెండేళ్లు ఆ ఖాళీ ఎబ్బెట్టుగా కనబడుతుంది. ఇంటివారు, ఇరుగుపొరుగువారు "ఇంకాస్త దగ్గరగా నాటలేకపోయారా?" అని అడుగుతారు. చలించవద్దు. గోడకు, పొదకు మధ్య మనిషి నడిచే రెండడుగుల దారి లేకపోతే గోడకు రంగు వేయడం, రేకు మార్చడం, చెదపుట్టను గుర్తించడం కుదరదు. ఆకు ఆనిన గోడ తడి ఆరదు. తడి ఆరని గోడకు చెద సులువుగా పడుతుంది.

పొద అడుగు భాగాన ఒక అడుగు ఎత్తు వరకు కొమ్మలు తీసివేసి నేల కనబడేటట్లు ఉంచాలి. ఈ దీవుల జెర్రి సామాన్యమైనది కాదు. దాని కాటు పొందినవారు ఆ రాత్రిని మరచిపోరు. చీకటిగా, చెత్తతో నిండి ఉన్న పొద మొదలు దానికి మంచి నివాసం.

ఎండ ఏ దిక్కున?

గోడకు ఏ వైపున ఎండ పడుతుందన్న విషయంలో కోస్తా ఆంధ్రకు, గరాచర్మకు స్వల్పమైన తేడా ఉన్నది. ఈ ఊరు భూమధ్యరేఖకు ఉత్తరంగా పదకొండున్నర డిగ్రీలకు కొంచెం పైన ఉన్నది. అందువల్ల ఏప్రిల్ మూడవ వారం మొదలు ఆగస్టు మూడవ వారం వరకు మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరాన ఉంటాడు. మిగిలిన కాలమంతా దక్షిణాన ఉంటాడు. విశాఖపట్నంలో సూర్యుడు ఉత్తరాన ఉండే కాలం మే రెండవ వారం నుండి జూలై చివరి వరకు మాత్రమే.

దీని వలన తేలే ఫలితం ఇది. ఉత్తరపు గోడకు ఎండ పడేది వానాకాలంలో. దక్షిణపు గోడకు ఎండ పడేది జనవరి నుండి ఏప్రిల్ వరకు, అనగా వానలేని నెలలలో. కనుక దక్షిణాన ఎండను, నీటి ఎద్దడిని ఓర్చుకొనే పొద కావాలి. ఉత్తరాన నీడను, చెమ్మను ఓర్చుకొనేది కావాలి. గది చుట్టూ ఒకే రకం మొక్కను వరుసగా నాటితే ఒక వైపు విరగబూసి, మరొక వైపు ముఖం మాడ్చుకోవడానికి కారణం ఇదే.

మేము ఎంచుకున్నవి

మొదటిది నూరువరహాలు. దక్షిణ భారతం, శ్రీలంక దీని పుట్టిళ్లు. ఈ దీవుల అడవులలోనూ ఇదే కుటుంబపు మొక్కలు ఉన్నాయి. నాలుగైదు అడుగులకు మించి ఎత్తు పోకుండా ఉంచుకోవచ్చు. దక్షిణపు ఎండలో గుత్తులు గుత్తులుగా పూస్తుంది. దీనికి ఆమ్ల నేల ఇష్టం. గరాచర్మ చుట్టుపక్కల నేలలు స్వభావరీత్యా ఆమ్ల గుణం కలవి కావడం దీని అదృష్టం. అయితే గది పక్కన ఒక చిక్కు ఉన్నది. కట్టుబడి సమయంలో గోడ మొదట్లో పడిన సిమెంటు, సున్నం పెళ్లలు నేలను క్షారంగా మారుస్తాయి. అప్పుడు మొక్కకు ఇనుము అందక ఆకు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. చాలామంది దానిని తెగులుగా భావించి మందు కొడతారు. అది తెగులు కాదు, మేస్త్రీ వదలి వెళ్లిన సున్నం. నాటే ముందు అడుగున్నర లోతు వరకు తవ్వి పెళ్లలు ఏరివేసి కొత్త మట్టి నింపాలి. కొమ్మల చివరనే పూలు వస్తాయి కనుక పూత కాలంలో కత్తెర పెట్టరాదు.

రెండవది నందివర్ధనం. ఉత్తరపు నీడకు ఇంతకు మించిన పొద మాకు తెలియదు. నిగనిగలాడే ముదురాకు, సాయంత్రపు మసకలో కూడా కనబడే తెల్లని పువ్వు. ఆరేడు అడుగులు ఎదుగుతుంది. దీని పాలు కంటిలో పడకుండా జాగ్రత్త వహించాలి. కాయలు, గింజలు కూడా నోట పెట్టదగినవి కావు. అందుచేత దీనిని పిల్లల అరుగుకు దూరంగా, గది వెనుక వైపున నాటాము. అక్కడ కూడా కాయ కనబడితే గిల్లివేస్తాము. రెక్కలు ముద్దగా ఉండే రకం కాయడం అరుదు కనుక దానినే తెచ్చుకున్నాము. ఒక్కొక్కప్పుడు వేలంత లావున ఆకుపచ్చని గొంగళిపురుగు పెద్ద కళ్లవంటి మచ్చలతో దీని మీద కనబడుతుంది. భయపడనక్కరలేదు, అది ఒక చిలుక పురుగు బిడ్డ. చేతితో తీసివేస్తే చాలు.

మూడవది కామిని. హిందీ పేరే ఇక్కడి అందరికీ అలవాటు. ఆంగ్లంలో దీనికి గల పేర్లలో ఒకటి "అండమాన్ శాటిన్‌వుడ్". మన కరివేపాకుకు దగ్గరి బంధువు. ఆకును నలిపినప్పుడు ఆ చుట్టరికం తెలుస్తుంది. మంచి వాన కురిసిన కొన్నాళ్లకు పొదంతా ఒక్కసారిగా తెల్లని పూలతో నిండి, ఆ సువాసన వీధి చివరి వరకు వ్యాపిస్తుంది. ఎండను, పాక్షిక నీడను, కత్తెరను, అన్నిటినీ ఓర్చుకుంటుంది. వదలివేస్తే పది అడుగులు దాటుతుంది, కత్తిరిస్తే నాలుగడుగుల కంచెగా నిలుస్తుంది. ఒకే ఒక హెచ్చరిక. నిమ్మజాతి చెట్లకు పచ్చాకు తెగులును మోసుకొని వచ్చే చిన్న పురుగు దీని లేత చిగుళ్ల మీద కూడా పెరుగుతుంది. పెరటిలో నిమ్మ, నారింజ ఉన్నవారు కామినిని మానుకోవడం మంచిది. మా పెరటిలో నిమ్మ లేదు.

నాలుగవది మందారం. దీని సంగతి ప్రతి తెలుగింటికీ తెలిసినదే. తెలియనిది దీనికి పెట్టవలసిన చాకిరి. ఆఫ్రికా నత్తకు మందారం చిగురు పరమాన్నం. పిండినల్లి కూడా దీనిని ఇష్టపడుతుంది. రోజూ పెరటిలో తిరిగే ఓపిక ఉన్నవారే నాటాలి. చీకటి పడిన తరువాత చేతులకు తొడుగులు వేసుకొని నత్తలను ఏరి, చిక్కని ఉప్పునీటి బకెట్టులో వేసి, తరువాత పూడ్చాలి. వట్టి చేతులతో నత్తను ముట్టరాదు. మనిషి మెదడుకు హాని చేయగల పరాన్నజీవిని అది మోయవచ్చు. పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి. మా శ్రీమతి పట్టుదల మీద ఒకే ఒక మందారం, వంటింటి కిటికీ నుండి కనబడే మూలన నాటాము. ఆ మొక్క నత్తల బాధ్యత ఆమెదే.

పొదల ముందు వరుసలో కనకాంబరాలు చక్కగా అమరుతాయి. ఎత్తు అంతగా పెరగదు, కొద్దిపాటి నీడను కూడా ఓర్చుకుంటుంది. నీరు నిలిచే చోట మాత్రం బ్రతకదు.

దూరముంచదగినవి

పచ్చగన్నేరు, ఎర్రగన్నేరు రెండూ విషపూరితములే. పిల్లలు తిరిగే చోట, పశువులు మేసే చోట తగవు. అల్లమండ పసుపు పూలు వానలో కూడా కళకళలాడుతాయి కానీ దాని పాలు, ఆకులు మంచివి కావు. కాగితపు పూల తీగకు ముళ్లున్నాయి. గది తలుపు పక్కన నాటితే ఒకనాటికి కంటికో చేతికో గుచ్చుకోక తప్పదు. పైగా అది పొడి నెలలలోనే బాగా పూస్తుంది, వానలలో ఆకు వేయడమే దాని పని. లంటానాను నాటుకొనవలసిన అవసరమే లేదు. పక్షి తిని విసర్జించిన గింజ ద్వారా అది అడవిలోకి ప్రాకి అక్కడి మొక్కలను అణచివేస్తుంది. ఒక ద్వీపంలో మనం వదలిన కలుపు మొక్కకు తిరిగి వెళ్లే దారి లేదు.

ఇదే కారణం చేత సెలవుకు మెయిన్‌లాండ్ వెళ్లివచ్చే మిత్రులకు ఒక మనవి. అభిమానం కొద్దీ ఊరి నుండి మట్టితో సహా మొక్కలను ఓడలో తెచ్చుకోవద్దు. ఆ మట్టిలో ఏ గుడ్డు, ఏ గింజ, ఏ తెగులు ఉన్నదో మనకు తెలియదు. పైన చెప్పిన పొదలన్నీ ఇక్కడి పెరళ్లలోనే ఉన్నాయి. వానలు మొదలైన తరువాత పొరుగువారిని అడిగి ఒక ముదురు కొమ్మ తెచ్చుకొని గుచ్చితే చాలావాటికి వేరు పడుతుంది. కామినిని గింజ నుండి పెంచుకోవడం సులువు.

నాటు, నీరు

ఇక్కడ మే నెల నుండి డిసెంబరు వరకు ఏదో ఒక రుతుపవనం కురుస్తూనే ఉంటుంది. జూన్‌లో నాటితే జనవరి నాటికి వేరు నిలదొక్కుకొనే వ్యవధి దొరుకుతుంది. నేల బంకమట్టి అయితే గోతిలో నాటరాదు. వానాకాలంలో ఆ గొయ్యి గిన్నెలా నిండుతుంది. 9 అంగుళాల ఎత్తు మట్టి కట్ట పోసి, దాని మీద నాటాలి. పల్లపు భూములవారు మరొక సంగతి కూడా చూసుకోవాలి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపం వల్ల ఈ ప్రాంతపు నేల కుంగి, మా పొరుగునున్న సిప్పీఘాట్‌లో పొలాలలోకి ఉప్పునీరు చేరింది. అటువంటి చోట నూరువరహాలు నిలువవు. నేలను గురించి సందేహం కలిగితే పరిశోధనా సంస్థవారిని సంప్రదించడం ఉత్తమం.

మొదటి వేసవిలో ఒక్కొక్క పొదకు వారానికి రెండుసార్లు పది లీటర్ల చొప్పున నీరు పోశాము. నాలుగు పొదలకు వారానికి 80 లీటర్లు. పదిహేను వారాలకు 1200 లీటర్లు. వేసవిలో ధనిఖరి జలాశయం తగ్గి, కుళాయి వంతులవారీగా వచ్చే ఊరిలో మంచినీటిని పూలమొక్కకు పోయడానికి మనసొప్పదు. ఇక్కడే చూరు గొట్టం అక్కరకు వస్తుంది. ఒక వైపు కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 275 లీటర్ల నీరు వస్తుంది. డిసెంబరు లోపల అటువంటి వానలు నాలుగు పడితే వెయ్యి లీటర్ల తొట్టి నిండుతుంది. మిగిలిన 200 లీటర్లు బియ్యం, కూరలు కడిగిన నీటితో సరిపుచ్చవచ్చు. తొట్టికి మూత బిగువుగా ఉండాలి, గొట్టం మూతికి సన్నని జాలీ కట్టాలి. లేనిచో పూలకన్నా ముందు దోమలు వస్తాయి.

మన తరువాతివారు

క్వార్టరు మనది కాదు. బదిలీ ఉత్తరువు వచ్చిన నాడు సామాను ఓడకెక్కుతుంది, మొక్కలు మాత్రం మిగిలిపోతాయి. మాకు పదవీ విరమణ ఎంతో దూరంలో లేదు. ఈ గదిని, ఈ పొదలను అనుభవించబోయేది మాకు ముఖపరిచయం కూడా లేని మరొక ఉద్యోగి కుటుంబం. వారి ఇంట పాకే పిల్ల ఉండవచ్చు. మేము నాటినదేమిటో వారికి తెలియకపోవచ్చు. అందుచేత గది తలుపు లోపలి వైపున చిన్న రేకు ముక్క మీద రంగుతో ఒక్కొక్క పొద పేరు, నాటిన ఏడు, ఎదిగే ఎత్తు, తీసుకోవలసిన జాగ్రత్త వ్రాసి బిగించాము. నర్సరీవారు ఇవ్వని నేమ్‌ప్లేటు అది. ఈ శీర్షిక చదివేవారందరూ తమ తమ క్వార్టర్లలో ఈ ఒక్క పని చేసినా మాకు సంతృప్తి.

పాప సంగతి చెప్పి ముగిస్తాము. ఆ సంఘటన తరువాత కొన్ని వారాలు ఆమె మా కంచె దాటి రాలేదు. రానివ్వలేదు అనడం సత్యం. ఆ తల్లిని మేము తప్పు పట్టలేదు. కొత్త మొక్కలు తెచ్చిన నాడు మా శ్రీమతి ఆ అమ్మాయిని పిలిచి, "ఏది ఎక్కడ నాటాలో నువ్వు కూడా చూసి చెప్పమ్మా" అన్నది. ఆమె వచ్చి ప్రతి మొక్కను గురించి అడిగింది. నందివర్ధనాన్ని గది వెనక్కు మార్చినది ఆమె మాట మీదనే.

ఇప్పుడు పాప బడికి వెళుతున్నది. పెరటిలో కొత్త మొక్క ఏది కనబడినా "తాతా, ఇది తినొచ్చా, తినకూడదా?" అని అడిగిన తరువాతనే ముట్టుకుంటుంది. మొన్న నూరువరహాల గుత్తి విచ్చింది. మేము మా చిన్ననాట చేసినట్లే ఒక పువ్వును కాడతో లాగి, దాని మొదట్లోని తేనెబొట్టును నాలుక మీద వేసుకొని చూపించాము. పాప వెంటనే చేయి చాచలేదు. గది తలుపు తీసి, రేకు మీద ఆ మొక్క పేరు ఎదుట వ్రాసినది కూడబలుక్కొని చదివి, అప్పుడు వచ్చి తన పువ్వు తాను కోసుకున్నది.

వచ్చే సంచికలో చూరు గొట్టాల బిగింపు గురించి వివరించగలము.